మైపాడు గట్టున చేపల లెక్క

నేను నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. నా తరగతుల్లో చాలామంది పిల్లలు సముద్రపు ఒడ్డునున్న పాళేల నుంచి వస్తారు. వాళ్ల నాయనలు వేటకు వెళతారు, అమ్మలు గంపలు నెత్తిన పెట్టుకుని నెల్లూరు దాకా వెళ్లి చేపలు అమ్ముకుని వస్తారు. రెండేళ్ల కిందట తొమ్మిదో తరగతిలో ఆవరణ వ్యవస్థల పాఠం చెబుతుండగా ఒక అమ్మాయి లేచి, "సారూ, మా పాళేనికి చేపల లెక్కలాయన వస్తాడు. బోటు బోటుకీ తిరిగి రాసుకుని పోతాడు. ఆ లెక్క యాడికి పోద్ది?" అని అడిగింది. ప్రభుత్వ పరిశోధన సంస్థకు పోతుందమ్మా అని చెప్పి పాఠంలోకి వెళ్లిపోయాను. ఆ జవాబు ఆ పిల్లకు చాలిందో లేదో తెలియదు గానీ, నాకు మాత్రం చాలలేదు. ఇరవై ఏళ్లుగా ఈ తీరాన సైన్సు చెబుతున్నవాణ్ణి, నా ఊరి గట్టు మీద జరుగుతున్న సైన్సును ఒక్కసారైనా దగ్గరగా చూడలేదన్న సంగతి ఆ రోజు నన్ను బాగా నొప్పించింది.

తరువాత ఆ లెక్కలాయన వచ్చే రోజు కనుక్కుని, ఉదయం ఆరు గంటలకల్లా గట్టుకు వెళ్లాను. రాత్రి వేటకు వెళ్లిన ఫైబరు బోట్లు అప్పటికే ఒకటొకటిగా ఒడ్డెక్కుతున్నాయి. మా గట్టు దగ్గర హార్బరు లేదు కనుక బోటును అలల మీద నుంచి నేరుగా ఇసుకలోకి లాగుతారు. వల విదిలించడం, చేపను రకాల వారీగా వేరు చేయడం, వేలం పాట పాడటం, గంపలు లేవడం అన్నీ ముప్పావు గంటలో ముగిసిపోతాయి. ఆ కాస్త వ్యవధిలోనే ఆయన తన పని చేసుకోవాలి. చేతిలో అట్టకు బిగించిన కాగితాలు, సంచిలో కొలబద్ద పలక, చిన్న కత్తెర, ఒక తూకం, అంతే ఆయన సరంజామా. నన్ను నేను పరిచయం చేసుకుంటే, "చూడండి సార్, కానీ మధ్యలో మాట్లాడించకండి, బోటు తప్పిపోతే లెక్క తప్పిపోతుంది" అన్నారు. పన్నెండు గంటల దాకా ఆయన వెనకే తిరిగాను.

ఆయన ఇష్టమొచ్చిన రోజున, ఇష్టమొచ్చిన రేవుకు వచ్చే మనిషి కాదని నాకు ఆ రోజే తెలిసింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దేశమంతటి తీరానికి ఒకే పద్ధతి పెట్టుకుంది. నెలను పదేసి రోజుల మూడు భాగాలుగా విడగొడతారు. మొదటి అయిదు రోజుల్లోంచి ఒక తేదీని చీటీ తీసినట్లుగా ఎంచుకుంటే, అక్కడి నుంచి వరుసగా వచ్చే ఆరు రోజులు రెండేసి చొప్పున మూడు జతలవుతాయి. ఒక్కో జతకు ఒక రేవును, అదీ చీటీ పద్ధతిలోనే, కేటాయిస్తారు. ఆ రేవులో మొదటి రోజు మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 దాకా, మర్నాడు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 దాకా లెక్కలాయన ఒడ్డున నిలబడి చూడాలి. మధ్యలోని రాత్రి దిగిన బోట్ల సంగతి వాకబు చేసి రాసుకోవాలి. బోట్లు 15 గానీ, అంతకన్నా తక్కువ గానీ దిగితే అన్నింటినీ చూడాలి. 20 నుంచి 29 దాకా దిగితే రెండింటికి ఒకటి, 30 నుంచి 39 దాకా అయితే మూడింటికి ఒకటి, 40 నుంచి 49 దాకా అయితే నాలుగింటికి ఒకటి, అట్లా చూసుకుంటూ పోయి, మిగిలినవాటిని దాని మీద గుణించుకుంటారు. చేప ఎక్కువ పడిన బోటును చూసి రాసుకుందామని మనసు లాగినా వీల్లేదు. వంతు వచ్చిన బోటు ఖాళీగా వచ్చినా దాన్నే రాయాలి. ఆ ఉదయం వంతు వచ్చిన ఒక బోటులో వల చిరిగిపోయి, అడుగున నాలుగు పీతలు తప్ప మరేమీ లేవు. బోటు యజమాని, "ఇది గూడా రాసుకోవాలా నాయనా?" అని బాధగా అడిగాడు. "ఇదే రాసుకోవాల మామా" అన్నారాయన. ఆ మాటలో ఉన్నంత గణాంకశాస్త్రం నేను పదేళ్లు పుస్తకాల్లో చెప్పి ఉండను.

తరువాత కానాగంతలు దిగాయి. పాట మొదలయ్యే లోపల ఒక గంపలోంచి పెద్దా చిన్నా ఏరకుండా చేతికి వచ్చినవి వచ్చినట్లు పిడికెడు పిడికెడుగా తీసి, ఒక్కొక్క దాన్నీ పలక మీద మూతి ఆనించి పడుకోబెట్టి, తోక చివర ఏ గీతను తాకుతుందో చూసి రాసుకున్నారు. గంప కొన్న అవ్వ, "నీ కొలతలు పాడుగాను, మంచు కరిగిపోతుండాదిరా" అని తొందర పెడుతున్నా ఆయన చేతివేగం తగ్గలేదు, అవ్వ మీద విసుగూ చూపలేదు. రెండు చేపలను ఆమెకు డబ్బిచ్చి కొని, కత్తెరతో కడుపు కోసి నాకు చూపించారు. ఒకదాని కడుపులో గుడ్ల సంచి సన్నని గులాబీ దారంలా వెన్నెముకకు అంటుకుని ఉంది. రెండోదానిలో అది పసుపు రంగుకు తిరిగి, కడుపు సగానికి పైగా నిండి, గుడ్లు కంటికి విడివిడిగా రవ్వలాగా కనిపిస్తున్నాయి. రెండూ బయటికి ఒకే రకంగా ఉన్నాయి, పొడవులో తేడా మూడు వేళ్ల మందం కూడా లేదు. మొదటిది ఇంకా ఒక్కసారైనా గుడ్డు పెట్టని చేప, రెండోది రేపో మాపో పెట్టబోయే చేప. ఏ పొడవు దగ్గర సగం చేపలు గుడ్డుకు వస్తాయో తేల్చడానికి ఇట్లాంటి కడుపులు వేల సంఖ్యలో చూడాలి.

పొడవును కొలవడం వెనక మరో కారణం ఉంది. చలి దేశాల చేప తలలోని చిన్న చెవిరాయిని అరగదీసి చూస్తే చెట్టు మానులో మాదిరిగా ఏడాదికొక వలయం కనిపిస్తుంది, వాటిని లెక్కపెట్టి వయసు చెప్పేస్తారు. మన సముద్రంలో కాలానికీ కాలానికీ నీటి వెచ్చదనంలో అంత తేడా ఉండదు కనుక ఆ వలయాలు అంత తేటగా పడవు. అందువల్ల నెలనెలా పొడవులు కొలిచి, ఏ పొడవు దగ్గర చేపలు ఎక్కువగా ఉన్నాయో గీసుకుంటారు. ఈ నెల 12 సెంటీమీటర్ల దగ్గర ఉన్న గుట్ట వచ్చే నెలకు కొంచెం కుడికి జరిగితే, ఆ జరిగిన మేరే ఆ చేప పెరుగుదల. పెరుగుదల తెలిస్తే వయసు తెలుస్తుంది. పెద్ద చేపలు గుట్టలోంచి ఎంత త్వరగా మాయమవుతున్నాయో చూస్తే, సముద్రంలో అవి వాటంతట అవి చనిపోయేదెంత, మన వలకు చిక్కి పోయేదెంత అన్నది అంచనాకు వస్తుంది. ఇంత పెద్ద శాస్త్రమంతా చివరికి ఒక మనిషి ఇసుకలో గొంతుక్కూర్చుని చేప మూతిని సరిగ్గా సున్నా గీతకు ఆనించాడా లేదా అన్నదాని మీద నిలబడి ఉంది.

ఈ లెక్క రాయించే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ స్వాతంత్ర్యానికి కొద్ది నెలల ముందు, 1947 ఫిబ్రవరిలో మొదలైంది, చాలా ఏళ్లు తమిళనాడులోని మండపం నుంచి నడిచింది. 1967లో భారత వ్యవసాయ పరిశోధన మండలి కిందికి వచ్చింది, 1971లో ప్రధాన కార్యాలయం కొచ్చికి మారింది. మన రాష్ట్రంలో దానికి విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. 2007లో దేశంలో మొట్టమొదటిసారి నడిసముద్రంలో పంజరం దించి పండుగప్పను పెంచిన ప్రయోగం అక్కడిదే. కానీ నా దృష్టిలో ఆ సంస్థ చేసిన అసలైన పని పంజరాలు కాదు, దశాబ్దాల తరబడి తెగకుండా సాగిన ఈ లెక్క. తెగని లెక్క ఎంత విలువైనదో కేరళ కవళ్ల (సార్డైన్ చేపల) కథలో చూడవచ్చు. 2012లో ఆ ఒక్క రాష్ట్రంలోనే నూనె కవళ్లు నాలుగు లక్షల టన్నులకు దగ్గరగా దిగాయి. 2021 నాటికి అవి 3,300 టన్నులకు పడిపోయాయి. లెక్క లేకపోతే ఇది "ఈ మధ్య చేప తగ్గింది" అన్న మాటగా మిగిలిపోయేది. లెక్క ఉన్నందువల్ల ఏ ఏడాది ఎంత తగ్గింది, ఆ ఏడాది సముద్రపు వేడి ఎట్లా ఉంది, పిల్ల చేపల వేట ఎంత జరిగింది అని పక్కపక్కన పెట్టి చూడగలిగారు. అక్కడి ప్రభుత్వం 2015లో పట్టదగిన కనీస పొడవులను చట్టంలో రాసింది. కవళ్లకు 10 సెంటీమీటర్లు, కానాగంతలకు 14 సెంటీమీటర్లు అన్న ఆ అంకెలు ఇట్లాంటి కొలబద్ద పలకల మీది నుంచే వచ్చాయి.

ఆ రోజు ఆయన కాగితం మీద నన్ను ఆకట్టుకున్నది మరొకటి ఉంది. పైన లాటిన్ పేర్లు అచ్చయి ఉన్నాయి, పక్కన పెన్సిలుతో తెలుగు పేర్లు రాసుకున్నారు. మన పాళేల్లో ఒకే పేరుతో పిలిచే చేపల్లో శాస్త్రం ప్రకారం మూడు నాలుగు జాతులు ఉండవచ్చు. అట్లాగే, ఒకే జాతి చేపకు పిల్లగా ఉన్నప్పుడు ఒక పేరు, పెద్దదయ్యాక మరొక పేరు ఉండవచ్చు. ఈ రెండు భాషలనూ కలిపి చదవగలిగినవాడే లెక్క రాయగలడు. ఇది కొత్త సంగతేమీ కాదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నం తీరంలో 200 చేపలను సేకరించి, బొమ్మలు గీయించి, జాలర్లు చెప్పిన తెలుగు పేర్లతో సహా 1803లో అచ్చు వేయించాడు. మన చేపల మీద సర్కారు సొమ్ముతో జరిగిన తొలి శాస్త్రీయ పనుల్లో ఒకటి మన జాలర్ల నోటి మాటతో మొదలైంది. రెండు వందల ఏళ్లు దాటాక కూడా ఆ శాస్త్రం ఆ జాలర్ల మనవళ్లకు వాళ్ల మాటలో తిరిగి అందడం లేదన్నదే నా బాధ. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

గట్టున కూర్చున్న పెద్దలకు లెక్క మీద అనుమానాలు లేకపోలేదు. పాళెం పెద్ద, అందరూ పెద్దకాపు అని పిలిచే ఆయన, నన్ను పక్కకు పిలిచి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపమంటారు, చేపలు గుడ్డు పెట్టే కాలమంటారు, ఆ మాట నిజమేనని మేమూ ఒప్పుకుంటాం, కానీ మిగతా పది నెలలూ బయటి నుంచి వచ్చే పెద్ద మరబోట్లు మా ముందరే తీరానికి దగ్గరగా లాగేసి పోతుంటే దాన్ని ఎవరు రాసుకుంటారు, అని అడిగాడు. ఈ ప్రశ్నలో పట్టు ఉంది. మన రాష్ట్ర చట్టం ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా మరబోట్లు వేటాడకూడదు, అది చిన్న పడవలవాళ్లకు విడిచిన నీరు. అయినా ఆ గీత దాటి వచ్చే తమిళనాడు బోట్లతో మా జాలర్లకు తగవు ఏటా ఉంటూనే ఉంది. ఇక లెక్క చేప దిగిన రేవులో జరుగుతుంది గానీ పట్టిన చోట జరగదు. మా నీళ్లలో పట్టిన చేప వేరే రాష్ట్రపు హార్బరులో దిగితే అది ఆ రాష్ట్రపు పద్దులోకే వెళుతుంది. కాగితం మీద మా తీరానిది తక్కువ పంట, పొరుగు తీరానిది ఎక్కువ పంట అనిపిస్తుంది. లెక్కలాయనకు ఈ సంగతి తెలియక కాదు. బోటు ఎక్కడ వేటాడిందో కూడా ఆయన అడిగి రాసుకుంటారు. కానీ ఆ కోణంలో మా తీరాన్ని విడిగా చూపించే పటం ఒకటి గీసి మా ముందు పెట్టినవాళ్లు లేరు.

సర్కారు సైన్సు సమయానికి చేరకపోతే ఏమవుతుందో నేను మా ఇంట్లోనే చూశాను. ముత్తుకూరు వైపు కండలేరు పాయ ఒడ్డున మా నాయన, చిన్నాయన కలిసి నాలుగెకరాల్లో రొయ్యల గుంటలు వేశారు. అవి టైగర్ రొయ్య రోజులు. వరి మళ్లు గుంటలుగా మారుతున్నాయి, సైకిలు తొక్కేవాళ్లు జీపులు కొంటున్నారు. 1995లో, నేను పదో తరగతి చదువుతుండగా, మా రెండో పంట ఎనభై రోజులకు వచ్చింది. ఒక ఉదయం చెక్‌ట్రేలో వేసిన మేత వేసినట్లే ఉంది. మధ్యాహ్నానికి రొయ్యలు గట్టు వెంబడి పైకి తేలి, బలం లేనట్లు ఆనుకుని నిలబడ్డాయి. ఒళ్లు ఎర్రబారింది. అంతకు ముందు లేని కాకులు ఎక్కడి నుంచో వచ్చి గట్టు నిండా వాలాయి. నాయన ఒక రొయ్యను చేత్తోనే పట్టుకుని, తలమీది డిప్పను ఊడదీసి, సూర్యుడికి ఎదురుగా పెట్టి నాకు చూపించాడు. గాజులాంటి ఆ డిప్పలో ఆవగింజలంత తెల్లమచ్చలు, ముగ్గు చుక్కల్లాగా ఉన్నాయి. వారం తిరక్కుండా గుంట మొత్తం అడుగుకు చేరింది.

మేము చేసిన తప్పు కూడా చెప్పాలి. ఆ నీటిని ఏం చేయాలో ఎవరికీ తెలియదు. చుట్టుపక్కలవాళ్లు చేసినట్లే నాయనా తూము ఎత్తి నీళ్లను ఉప్పుటేరులోకి వదిలాడు. కింద ఉన్నవాళ్లు ఆ నీటినే పోటు సమయంలో గుంటల్లోకి తోడుకున్నారు. ఆ ఏడాది పాయ పొడవునా ఏ గుంటా మిగల్లేదు. మా అమ్మ సరుడు కుదువలోంచి తిరిగి రాలేదు. చిన్నాయన ఊరు విడిచి నాయుడుపేటలో కొట్టు పెట్టుకున్నాడు.

అది వైరస్ అనీ, మందు లేదనీ, తల్లి రొయ్య నుంచి పిల్లకు వస్తుందనీ, పీతలూ చిల్లర రొయ్యలూ తమకేమీ కాకుండానే దాన్ని మోసుకు తిరుగుతాయనీ, మచ్చలు డిప్పలో సున్నం పేరుకోవడం వల్ల ఏర్పడతాయనీ మాకు తరువాత చాలా కాలానికి తెలిసింది. దేశంలోకి అది 1994లో వచ్చింది. అప్పటికే చెన్నైలో సీబా ఉంది. ఉప్పునీటి ఆక్వాకల్చర్ కోసం కేంద్రం 1987లో పెట్టిన పరిశోధన సంస్థ అది. ముత్తుకూరులోనే 1991 నుంచి మత్స్య కళాశాల ఉంది. అంటే చదువుకున్నవాళ్లు మా గుంటలకు సైకిలు దూరంలోనే ఉన్నారు. వాళ్లు పని చేయలేదని నేను అనను. ఆ తరువాతి ఏళ్లలో సీబా వాళ్లు పీసీఆర్ పరీక్షకు కిట్టు తయారు చేశారు, పిల్లను గుంటలో వదిలే ముందే వైరస్ ఉందో లేదో చూసుకోవడం అలవాటైంది, కండలేరు పాయ ఎన్ని గుంటల మురుగును మోయగలదన్న లెక్క కూడా వేశారు. ఆ పరీక్షలు చేసే ల్యాబుల్లో ముత్తుకూరులో చదివిన పిల్లలు నేడు చాలామంది కనిపిస్తారు. నేను అనేది ఒక్కటే. "జబ్బు గుంట నీళ్లను ఏటిలోకి వదలవద్దు, బ్లీచింగు వేసి ఆపండి" అన్న ఒక్క తెలుగు వాక్యం ఆ నెలలో మా గట్టుకు చేరి ఉంటే, మా పంట దక్కకపోయినా పక్కవాడి పంట దక్కేది.

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తీరప్రాంత నియంత్రణ పరిధిలో రొయ్యల గుంటలు వేయరాదని చెప్పి, ఒక అథారిటీని పెట్టమంది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం వచ్చింది. 2009లో వనామి పెంపకానికి అనుమతి ఇచ్చాక టైగర్ దాదాపు కనుమరుగైంది. విదేశాల నుంచి తెచ్చే వనామి తల్లి రొయ్యలను చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, పరీక్షించాకే హేచరీలకు ఇస్తారు. ఇప్పుడు రైతులను పీడిస్తున్నది ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి. అది రొయ్యను ఒక్కసారిగా చంపదు. పెరగనివ్వదు, వేసిన మేతను దండగ చేస్తుంది, కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) మెరుగుపడనివ్వదు. దీనికీ మందు లేదు. పంటకూ పంటకూ మధ్య గుంటను ఎండబెట్టి, సున్నం దండిగా వేసి దున్నడమే దారి. ఈ మాట ఇప్పుడు మా వైపు ప్రతి రైతుకూ తెలుసు. 1995కూ నేటికీ మధ్య వచ్చిన తేడా అది, దాన్ని నేను చిన్నది అనుకోను.

సమయానికి, తెలుగులో చేరుతున్న సైన్సు ఒకటి ఉంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల కేంద్రం) వాళ్లు చేపలు దొరికే అవకాశమున్న చోట్లను ఎప్పటికప్పుడు చెబుతుంటారు. సముద్రంలో సన్నని ప్లవకాలు ఎక్కువైన చోట నీటి రంగు ఆకుపచ్చకు తిరుగుతుంది, ఆ పత్రహరితాన్ని ఉపగ్రహం పై నుంచి కొలుస్తుంది. వేడి నీరూ చల్లని నీరూ కలిసే అంచులను మరో పరికరం పట్టుకుంటుంది. ఈ రెండూ కలిసిన చోట కవళ్లు, కానాగంతలు, వాటి వెనక తూర చేపలు చేరతాయి. ఏ రేవు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు అన్నది ఫోన్లకు పంపుతారు. మబ్బు పట్టిన రోజుల్లో ఉపగ్రహానికి కింద నీరు కనిపించదు కనుక సమాచారం రాదు. వేట నిషేధం రోజుల్లో పంపరు. నీటి రంగును చూసే ఓషన్‌శాట్ ఉపగ్రహాలు 1999 మే 26న, 2009 సెప్టెంబరు 23న, 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచే లేచాయి. 2022లో జిల్లాలను విడదీసేవరకు అది మా జిల్లాలోనే ఉండేది. రాకెట్టు లేచినప్పుడు మా బడి పిల్లలందరినీ మైదానంలోకి తెచ్చి దక్షిణం వైపు చూపిస్తాను. 2022లో అట్లా చూపించినప్పుడు ఒక పిల్లవాడికి, అది మీ నాయన వల ఎక్కడ వేయాలో చెప్పడానికి వెళుతోందిరా అని చెబితే, వాడు చాలాసేపు ఆ పొగ దారినే చూస్తూ నిలబడ్డాడు.

ఆ సమాచారాన్ని మా జాలర్లు గుడ్డిగా నమ్మరు, తోసిపుచ్చరు. చిన్న ఇంజన్ల ఫైబరు బోటుకు నలభై కిలోమీటర్ల దూరం చూపిస్తే అది పెద్ద బోటువాడికే పనికొస్తుందంటారు. దగ్గరగా చూపించిన రోజున వెతుకులాట తగ్గి ఇంజన్ చమురు మిగిలిందని వాళ్లే చెబుతారు. ఇదే సంస్థలో 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం నడుస్తోంది. 2004 డిసెంబరు 26 ఉదయాన్ని ఈ తీరాన చూసిన నాలాంటివాడికి దాని విలువ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక నేను మళ్లీ వస్తానన్న సంగతి. గట్టున రాసుకున్న లెక్క తెలుగులో తిరిగి చూపించమని అడగడానికి నేను ఒక కార్యాలయానికి వెళ్లాను. అక్కడివాళ్లు మర్యాదగానే కూర్చోబెట్టి, ఇంగ్లీషులో అచ్చయిన నివేదిక ఒకటి ఇచ్చారు. అందులో రాష్ట్రం మొత్తానికి టన్నులున్నాయి, చేపల లాటిన్ పేర్లున్నాయి, వలల రకాలున్నాయి. తెలుగులో ఏదైనా ఉందా అని అడిగితే, ఇది పరిశోధన కోసం తయారు చేసినది, జాలర్ల కోసం కాదు అన్నారు. మైపాడు పేరు అందులో లేదు, ఉండకపోవడం సహజమే. ఈ పద్ధతిలో ఒక్కొక్క రేవుకు విడిగా నమ్మదగిన అంకె రాదు, నాలుగైదు రేవులను కలిపిన తీర భాగానికి వస్తుంది. అది నాకు తెలుసు, ఊరి అంకె ఇమ్మని నేను అడగలేదు. మా తీర భాగానికి ఉన్న అంకెలనే, గత పదేళ్లవి, తెలుగు పేర్లతో, పెద్ద అక్షరాలతో, పాటల షెడ్డు గోడ మీద రాయించమని అడిగాను. కానాగంత ఏ పొడవు దగ్గర గుడ్డుకు వస్తుందో అక్కడే గోడ మీద ఆ పొడవు గీత గీయించమని అడిగాను. నిధుల పద్దులో అట్లాంటి అంశం లేదని చెప్పారు.

ఆ మాటతో నాకు కోపం వచ్చిన మాట నిజం, ఈ రోజుకూ అది పోలేదు. ఖర్చుతో కూడిన పనంతా, అంటే తెల్లవారక ముందే మనిషిని గట్టుకు పంపడం, కడుపులు కోయించడం, కంప్యూటర్లలోకి ఎక్కించడం, సర్కారు ఇప్పటికే చేస్తోంది. గోడ మీద సున్నం, నీలిరంగు డబ్బా ఖరీదు దానిలో ఎంత? జాలరి తన వల కన్ను చిన్నదా పెద్దదా అన్నది చట్టానికి భయపడి నిర్ణయించుకోవడం వేరు, గుడ్డుకు రాని చేపను కోసి తన కంటితో చూసి నిర్ణయించుకోవడం వేరు. మా పాళేల్లో పెద్దకాపుల మాటకు ఊరంతా కట్టుబడే దురాయి (ఊరి కట్టుబాటు) సంప్రదాయం ఇంకా బతికే ఉంది. పిల్ల చేపను పట్టరాదని ఊరు తనంతట తాను దురాయి వేసుకుంటే ఏ అధికారీ వచ్చి కాపలా కాయనక్కర్లేదు. అయితే దురాయి వేయాలంటే ఊరికి కారణం తెలియాలి, ఆ కారణం ఊరి భాషలో ఉండాలి.

2025 చివరిలో దేశమంతటా సముద్ర మత్స్యకారుల గణన మళ్లీ జరిగింది, ఈసారి కాగితాలకు బదులు ఫోన్ యాప్‌లో. మా విద్యార్థుల్లో కొందరి ఇళ్లకు ఆ మనుషులు వచ్చారు. అదే సమయంలో మేము బడిలో ఒక చిన్న పని మొదలుపెట్టాం. వడ్రంగి చేత మూడు కొలబద్ద పలకలు చేయించాను. ఆదివారం ఆదివారం పదిమంది పిల్లలు గట్టుకు వెళ్లి, పాట మొదలయ్యే లోపల ఒక గంపలోని కానాగంతలు కొలిచి, నోటుపుస్తకంలో రాస్తారు. ఏరకుండా తీయాలి, మూతి సున్నాకు ఆనాలి అన్న రెండు నియమాలనూ లెక్కలాయనే వచ్చి వాళ్లకు నేర్పారు. మొదటి రోజు పిల్లలు పెద్ద చేపలనే ఏరుకుంటుంటే ఆయన ఆ చేపలను తిరిగి గంపలో పోయించి, కళ్లు మూసుకుని తీయమన్నారు. మేము తీసేది శాస్త్రానికి సరిపోయే లెక్క కాదు. నేను పిల్లలకు ఆ మాట చెప్పే మొదలుపెట్టాను.

పోయిన ఆదివారం నోటుపుస్తకం చూస్తూ ఎనిమిదో తరగతి పిల్లవాడు, "సారూ, ముందరి నెల గుట్ట ఈడుంటే ఇప్పుడు ఈడికి జరిగింది" అని వేలు పెట్టి చూపించాడు. పక్కనే బీడీ కాల్చుకుంటున్న పెద్దకాపు బీడీ ఆర్పేసి లేచి వచ్చి, ఆ గీతను దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఏ గీత దగ్గర చేప గుడ్డుకు వస్తుందో చెప్పమన్నాడు. అది మీ కళ్లతో మీరే తేల్చుకోవాలని, గుడ్లకు వచ్చే నెలల్లో వారానికి అయిదు చేపలు ఊరు తరఫున ఇప్పిస్తే కోసి చూపిస్తామని చెప్పాను. అయిదు కాదు, పది తీసుకోమన్నాడు. షెడ్డు గోడకు సున్నం తానే కొట్టిస్తానని, రాయడానికి చేయి బాగున్న పిల్లను ఒకరిని చూసి పెట్టమని చెప్పి, బోటు లాగడానికి వెళ్లాడు.